దూదిలో చుట్టి దాచిన కార్డులు

మొన్న వారం మా గుడివాడలో ఉరుములతో వాన పడింది. ఆ వానకి నా పాత కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డు కాలిపోయింది. మిషన్ బతికింది, మోడెమ్ బతికింది, వైరు కూడా బతికింది, పోయింది అరచెయ్యంత కార్డు ఒక్కటే. పిడుగులకీ ఇష్టాయిష్టాలుంటాయి కాబోలు. మర్నాడు కాలేజీ నుంచి వస్తూ ఏలూరు రోడ్డులో రిపేరు షాపులో ఒక కార్డు అడిగాను. "ఏ విండోస్ మేడం?" అన్నాడు షాపతను. విండోస్ కాదు, లినక్స్ అన్నాను. "ఇంకా వాడుతున్నారాండీ అది?" అన్నాడు, నేనేదో ఇప్పటికీ పొట్టు పొయ్యి మీద వండుకుంటున్నట్టు. ఇతనితో ఒక పావుగంట వాదించవచ్చు కదా అని ఆశగా నోరు తెరిచాను. ఈలోపే అతను ఇంకొకాయనకి చార్జరు చూపించడానికి వెళ్ళిపోయాడు. కార్డు కొనుక్కుని ఇంటికొచ్చి, కొంగు దోపుకుని, స్క్రూడ్రైవరు తీసుకుని, మూత విప్పి, కార్డు గుచ్చి స్విచ్ వేశాను. డ్రైవరు దానంతటదే ఎక్కింది. పేరు దానంతటదే పడింది. అడ్రసు దానంతటదే వచ్చింది. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగక ముందే అంతా అయిపోయింది. సాయంత్రమంతా ఈ పనికే అని ఖాళీ చేసుకుని కూర్చున్నదాన్ని, ఇంక ఏం చెయ్యాలో తోచలేదు. పని ఇంత సులువుగా అయిపోయిందని ఎవరితోనైనా అనాలనిపించింది. కానీ ఇది ఒకప్పుడు ఎంత కష్టంగా ఉండేదో తెలిసిన మనిషికి చెబితేనే ఆ మాటకి అర్థం. అలా తెలిసిన మనిషి ఒక్కతే. ఆమెని నేను ఆపా అని పిలిచేదాన్ని.

ఆపా అంటే ముస్లింల ఇళ్ళల్లో అక్క. బందరులో ఒక ప్రైవేటు మహిళా కళాశాలలో నేను కంప్యూటర్లు చెప్పే రోజుల్లో ఆవిడ మా ల్యాబ్ ఇన్‌చార్జి. నాకంటే బాగా పెద్దది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, భర్త పోయాక ఉద్యోగానికి వచ్చింది. పుట్టిల్లు చిలకలపూడి వైపు, తండ్రీ అన్నలూ రోల్డ్ గోల్డ్ నగలు చేసేవాళ్ళు. నేనేమో ఎమ్మెస్సీ చేసి, గుడివాడ నుంచి వచ్చి, బందరులో మేడ మీద ఒక గది అద్దెకి తీసుకుని ఉండేదాన్ని. నా నోటి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆపా ఎంతటిదో అర్థం కాదు. మా బంధువర్గంలో ఒకళ్ళు ఔనన్నది ఇంకొకళ్ళు ఔననరు గానీ, నా నోరు మంచిది కాదన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. పెళ్ళిచూపులకి వచ్చిన ఒకాయన కాఫీ కప్పు కింద పెట్టి, "మీరు ప్రతిదానికీ ఎందుకు అంటారేంటండీ?" అన్నాడు. "ఎందుకు అనకూడదు?" అన్నాను. ఆ సంబంధం అక్కడితో సరి. ఆ తరవాత వచ్చిన సంబంధాలకి కబురు ముందే అందినట్టుంది, కాఫీ దాకా కూడా రాలేదు. స్టాఫ్ రూములోకి నేను అడుగు పెడితే జరుగుతున్న మాటలు ఠక్కున ఆగిపోయేవి. నేనంటే కోపం ఎవరికీ లేదు, ఎందుకొచ్చిన గొడవ అని అంతే. అందరూ మర్యాదగా నవ్వి టిఫిన్ డబ్బాలు మూసుకునేవాళ్ళు. మనిషిని ఒంటరిని చెయ్యడానికి తిట్టక్కర్లేదు, ఆమె ఏమన్నా సరేనంటే చాలు.

ఆపా సరే అనేది కాదు. నేను చేరిన మొదటిరోజే ల్యాబ్‌లో కిటికీ తెరవాలా వద్దా అన్న దగ్గర మొదలైంది. ఉక్కపోతకి చచ్చిపోతున్నాం, తెరవాలన్నాను. "తెరిస్తే సముద్రం లోపలికొస్తుంది అమ్మాయ్" అంది. సముద్రం మంగినపూడిలో ఉంది, ఇక్కడికి రాదన్నాను. "నీళ్ళు రావు, ఉప్పొస్తుంది. గుడివాడ వాళ్ళకి తెలీదులే" అంది. ఊరి పేరు ఎత్తేసరికి నాకు ఉత్సాహం వచ్చింది. ఆ కిటికీ మీద మేము ఆ ఏడాదంతా దెబ్బలాడుకున్నాం. తరవాత టీలో అల్లం మీద, పరీక్షల్లో పిల్లలకి ప్రింటౌట్ ఇవ్వాలా వద్దా అన్నదాని మీద, కామా తరవాత ఖాళీ వదలాలా అన్నదాని మీద కూడా. కారిడార్‌లో మా గొంతులు వినబడితే పిల్లలు ల్యాబ్ తీశారని తెలుసుకుని వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం ఇద్దరం అక్కడే అన్నాలు తినేవాళ్ళం. నేను మాంసం తిననని, ఆవిడ తెచ్చే డబ్బాలో ఒక గిన్నె నా కోసం వేరుగా వచ్చేది, దొండకాయ వేపుడో, చింతచిగురు పప్పో. అది తింటూ ఉప్పు ఎక్కువైందని నేను అనడం, గుడివాడలో ఉప్పు తక్కువ తింటారు కాబట్టే అక్కడ మనుషులు అంత చప్పగా ఉంటారని ఆవిడ అనడం.

అయితే ఉప్పు విషయంలో ఆవిడదే నిజం. బందరు గాలి ఇనుమునే కాదు, నమ్మకాన్ని కూడా తుప్పు పట్టిస్తుంది. కొత్త మిషన్లు కొన్న రెండో వర్షాకాలానికే వాటి వెనక నెట్‌వర్క్ వైరు గుచ్చే చోట్లు పచ్చగా చిలుము పట్టి, ఒక్కొక్కటే చచ్చిపోయాయి. మళ్ళీ మిషన్లు కొనే స్తోమత మేనేజిమెంటుకి లేదు, ఉన్నా ఉందని చెప్పే అలవాటు లేదు. విడి నెట్‌వర్క్ కార్డులు తెప్పించి లోపల గుచ్చాం. అవి పనిచెయ్యాలంటే డ్రైవరు కావాలి. డ్రైవరంటే కార్డుకీ మిషన్‌కీ మధ్య మాట నడిపే దుబాసీ. ఒకప్పుడు ఇదే రేవులో ఓడల మీద వచ్చిన దొరలకీ మన అద్దకం బట్టల వాళ్ళకీ మధ్య దుబాసీలుండేవాళ్ళట. దుబాసీ మంచివాడైతే బేరం కుదిరేది, కాకపోతే ఓడ ఒడ్డున నిలబడిపోయేది. లినక్స్‌లో ఆ దుబాసీని మనమే వెతికి, పిలిచి, కూర్చోబెట్టాలి. నేను చేసేది ఆ పని. కార్డులు తుప్పు పట్టకుండా కాపాడటం ఆపా పని. ఆవిడ దానికి వాళ్ళింటి పద్ధతి పట్టుకొచ్చింది.

రోల్డ్ గోల్డ్ నగలు ఎలా దాస్తారో బందరు ఆడవాళ్ళని అడగాలి. గాలి తగిలితే నల్లబడతాయి కాబట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక్కోదాన్నీ దూదిలో చుట్టి, కవరులో పెట్టి, రేకు డబ్బాలో వేసి, డబ్బా మూతకి చుట్టూ ప్లాస్టర్ వేస్తారు. నెట్‌వర్క్ కార్డుకి అడుగున స్లాట్‌లో దిగే అంచుకి బంగారు పూత ఉంటుంది. అది చూసిన రోజే ఆపా తేల్చేసింది, ఇది కూడా మా అన్నయ్యల సరుకులాంటిదే అని. ప్రతి ఏటా వేసవి సెలవులకి ముందు మిషన్లన్నీ విప్పి, కార్డులు బయటికి తీసి, ఆ పూతని రబ్బరుతో తుడిచి, దూదిలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళేది. జూన్‌లో తెచ్చి మళ్ళీ గుచ్చేది. నాకది హాస్యంగా ఉండేది. "గాజులు కూడా వేస్తారా వాటికి?" అనేదాన్ని. "నీ చేతికి లేవుగా, ముందు నువ్వేసుకో" అనేది. కానీ మిగతా కాలేజీల్లో ఏటా కార్డులు పోయేవి, మా కార్డులు పోయేవి కావు. అందుకని నేను వెక్కిరించడమే తప్ప ఆపలేదు.

ఆ సంవత్సరం వేసవి సెలవులకి ముందు నేను మిషన్లన్నిటికీ లినక్స్ కొత్త వెర్షన్ ఎక్కించాను. సెలవులు అయ్యాక ఆపా డబ్బా తెచ్చింది, కార్డులు గుచ్చింది. స్విచ్ వేస్తే ఒక్క మిషన్‌కీ నెట్‌వర్క్ లేదు. మా ల్యాబ్‌లో పిల్లల ప్రోగ్రాములన్నీ మూలనున్న పెద్ద మిషన్‌లో ఉండేవి, పిల్లలు లోపలికి రావాలన్నా ఆ పెద్ద మిషన్ ఔననాలి. నెట్‌వర్క్ లేకపోతే మిగతావన్నీ ఉత్త టీవీలు. సరిగ్గా ఆ వారంలోనే యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారని ఉత్తరం వచ్చింది. ప్రిన్సిపాల్ గారు నెమ్మదస్తుడు, కొంప మునిగే కబురు కూడా వాతావరణం గురించి చెప్పినట్టే చెబుతారు. మా ఇద్దరినీ పిలిచి, "నెట్‌వర్క్ ఉన్న ల్యాబ్ చూపించకపోతే కంప్యూటర్ కోర్సు తీసేస్తారటమ్మా. తీసేస్తే ఆ గదిలో టైలరింగ్ పెడదామని కరస్పాండెంట్ గారి ఉద్దేశం. మీకు కుట్టుపని వచ్చునా?" అని అడిగారు. నాకు రాదన్నాను. ఆపా తనకొచ్చునంది. బయటికొచ్చాక, ఆ వచ్చునన్న మాట ఎందుకన్నారని ఆవిడతో దెబ్బలాడాను. "వచ్చు కాబట్టి అన్నాను. రాదంటే అబద్ధం కాదూ?" అంది. కోర్సు పోతే నాకు ఇంకో కాలేజీ దొరుకుతుంది. ఆపాకి ఆ వయసులో ఇంకో ల్యాబ్ దొరకదు. నాకు దొరికే కొత్త కాలేజీలో ఆపా ఉండదు. అది నేను పైకి అనలేదు, గదికి వెళ్ళి గోడకేసి చూస్తూ అనుకున్నాను. నాకు ఉద్యోగం పోతుందని భయం లేదు. పొద్దున్న లేచాక నువ్వన్నది తప్పని చెప్పే మనిషి లేకుండా పోతుందని భయం.

మర్నాటి నుంచి పని మొదలుపెట్టాం. నేను డ్రైవరుదే తప్పన్నాను. కొత్త వెర్షన్‌లో దుబాసీ మారి ఉంటాడు, పాతవాణ్ణి పిలవాలి. కోనేరు సెంటర్‌లో ఇంటర్నెట్ షాపుకి పోయి, డ్రైవరు దించుకుని, పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చి, మిషన్ మీద కొత్తగా కట్టి ఎక్కించాను. డ్రైవరు హాయిగా ఎక్కి కూర్చుంది. కార్డు ఉందా అని మిషన్‌ని అడిగితే ఉందంటుంది. డ్రైవరు దాన్ని పట్టుకుందా అంటే పట్టుకుందంటుంది. సరే, ఈత్ జీరో లేపమంటే, అలాంటిదేమీ ఇక్కడ లేదంటుంది. ఈత్ జీరో అంటే మిషన్‌లో మొదటి నెట్‌వర్క్ కార్డుకి లినక్స్ పెట్టుకునే పేరు. మా సెట్టింగులన్నీ ఆ పేరు మీదే రాసి ఉండేవి. మనిషి ఎదురుగా కుర్చీలో ఉన్నాడు, ఊపిరి ఆడుతోంది, పేరు పెట్టి పిలిస్తే ఆ పేరుగలవారు ఈ ఇంట్లో లేరంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. డ్రైవరు దింపాను, ఎక్కించాను, మళ్ళీ దింపాను. ఆపా ఒక్కో కార్డూ బయటికి తీసి, రబ్బరుతో తుడిచి, దీపానికి ఎత్తి చూసి, మళ్ళీ గుచ్చేది. "నా కార్డులకేం జబ్బు లేదు. నీ కొత్త వెర్షన్‌కే వచ్చింది జబ్బు" అనేది. "వెర్షన్‌కేం రాలేదు. రెణ్ణెల్లు దూదిలో పడుకుని మీ కార్డులకి బద్ధకం పట్టింది" అనేదాన్ని. ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది, కిటికీ మూసే ఉంది, లోపల మరిగిపోతున్నాం. ఆ ఉక్కలో కూడా నేను కిటికీ మాట ఎత్తలేదు. అది ఆపా గమనించింది. గమనించి, "ఎందుకులే, తెరువు కాసేపు" అంది. అప్పుడర్థమైంది, ఆవిడ కూడా భయపడుతోందని.

రెండో రోజు మధ్యాహ్నానికి ఒక మిషన్ పలికింది. తలుపు పక్కనుండే పొట్టి మిషన్. నేను దానికేమీ చెయ్యలేదు, ఆపా కూడా తుడిచి గుచ్చడం తప్ప ఏమీ చెయ్యలేదు. దానికి ఇంతసేపూ వైరే గుచ్చలేదని అప్పుడు తెలిసింది, గుచ్చగానే పలికింది. ఎందుకు పలికిందన్నదాని మీద వెంటనే దెబ్బలాట. "చూశావా, తుడిస్తే వచ్చింది" అంది ఆవిడ. "అన్నీ తుడిచారుగా, మిగతావి ఎందుకు రాలేదు?" అన్నాను. "దీని రాత బాగుంది" అంది. "కార్డుకి రాతేమిటి ఆపా, కార్డులన్నీ ఒకటే, ఏది ఎక్కడ గుచ్చినా ఒకటే" అని గట్టిగా అంటూ ఉండగా నాకే నోట్లో మాట ఆగింది. అన్నీ ఒకటి కాదు. ఆ మిషన్ డబ్బా సన్నం, మామూలు కార్డు దాన్లో పట్టదు. దానికోసం పొట్టి కార్డు ఒకటి వేరుగా తెప్పించాం. అంటే ఆపా బిస్కెట్ల డబ్బాలో అన్ని కార్డులూ కలిసిపోయినా, ఇదొక్కటి మాత్రం తప్పనిసరిగా తన ఇంటికే తిరిగొచ్చింది. మిగతావన్నీ ఒకదానింట్లోకి ఇంకొకటి వెళ్ళాయి.

అప్పుడు ఇంకో మిషన్ ముందు కూర్చుని, ఈత్ జీరో గురించి అడగడం మానేసి, నీ దగ్గర ఏమేమి ఉన్నాయో అన్నీ చెప్పు అన్నాను. చెప్పింది. ఈత్ వన్ ఉందట. కార్డు అదే, డ్రైవరు అదే, పేరు మాత్రం రెండోది. మొదటి పేరు ఎవరికిచ్చావని లోపల వెతికితే తెలిసింది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ పుట్టుకతో ఒక నంబరు ఉంటుంది, ఏ రెంటికీ ఒకటే ఉండదు. కొత్త వెర్షన్ లినక్స్ మొదటిసారి చూసిన కార్డు నంబరు గుర్తుపెట్టుకుని, ఈత్ జీరో అన్న పేరు దానికే అని రాసేసుకుంది. ఆ కార్డు వెళ్ళిపోయి వేరే కార్డు వచ్చి అదే స్లాట్‌లో కూర్చున్నా, పాతది తిరిగొస్తుందేమోనని దాని పేరు అలాగే అట్టేపెట్టి, వచ్చినదాన్ని నువ్వు రెండోదానివి అంది. వేసవిలో పోయిన కార్డు కోసం ప్రతి మిషనూ కుర్చీ ఖాళీగా ఉంచి కూర్చుంది. తప్పు డ్రైవరుదీ కాదు, కార్డుదీ కాదు. ఇదంతా ఆపాకి చెప్పాను. ఆవిడ చేతిలో రబ్బరు పక్కన పెట్టి, మిషన్ కేసి చాలాసేపు చూసింది. "పాపం" అంది. ఇప్పుడు ఈ తిప్పలు లేవు. ఇప్పటి లినక్స్ కార్డుని బట్టి పేరు పెట్టదు, అది కూర్చున్న స్లాట్‌ని బట్టి పెడుతుంది. ఎవరొచ్చి కూర్చున్నా అదే పేరు, ఎవరు పోయారని అడిగే పని లేదు. మంచి పద్ధతి అని ఒప్పుకోవాలి.

ఏం చెయ్యాలన్నదాని మీద మా జీవితంలో అన్నిటికంటే పెద్ద దెబ్బలాట జరిగింది. నా పద్ధతి తేలిక. మిషన్ గుర్తుపెట్టుకున్న ఆ వరసలు చెరిపేసి మళ్ళీ స్విచ్ వేస్తే, ఎదురుగా ఉన్న కార్డుకే మొదటి పేరు పెట్టుకుంటుంది. ఆపాకి అది గిట్టలేదు. కార్డుల మీద నంబర్లు చూసి, ఏది ఏ మిషన్‌దో వెతికి, దేన్ని దాని చోటికే పంపాలంది. "మరిచిపొమ్మని చెప్పడమెందుకు, ఉన్నదాన్ని ఉన్నచోట పెడితే పోలా?" అంది. ఆ నంబర్ల చీటీలు సగం ఆవిడ తుడుపుకే ఊడిపోయాయన్నాను. ఊడనివైనా వెతుకుదామంది. రేపు పొద్దున్న వాళ్ళు వస్తుంటే ఈ వెతుకులాటలేమిటని అరిచాను. "యంత్రానికి ఉన్న నీతి నీకు లేదు అమ్మాయ్" అంది. "యంత్రానికి నీతి ఉండబట్టే కదా కోర్సు పోతోంది" అన్నాను. ఆవిడ వెళ్ళి, చీటీలు మిగిలిన కార్డులు తీసి, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని నంబర్లు చదవడం మొదలుపెట్టింది. నేను ఇటు నుంచి చెరుపుకుంటూ వెళ్ళాను, ఆవిడ అటు నుంచి కలుపుకుంటూ వచ్చింది. గది మధ్యలో ఎదురుపడేసరికి బయట ఎండ ఇంకా ఉంది, అన్ని మిషన్లూ పలుకుతున్నాయి. ఏవి ఆవిడ కలిపినవో, ఏవి నేను చెరిపినవో చూస్తే తెలియదు. "నావి గట్టిగా ఉంటాయి" అంది ఆపా. "నావి తొందరగా అయ్యాయి" అన్నాను. ఇద్దరం కిటికీ తెరుచుకుని కూర్చుని టీ తాగాం. ఆ సాయంత్రం సముద్రం మీద నుంచి వచ్చిన గాలికి మా చెమట ఆరింది. ఆ గాలి అంత హాయిగా నాకు మళ్ళీ ఎప్పుడూ తగల్లేదు.

తనిఖీకి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. కుర్చీలు చూశారు, ఫ్యాన్లు చూశారు, మరుగుదొడ్లు చూశారు. మా ల్యాబ్ గుమ్మంలో నిలబడి అందరికంటే పెద్దాయన, "అన్నీ కలిపి ఉన్నాయా అండీ?" అని అడిగారు. "ఉన్నాయండీ" అంది ఆపా. "మంచిది" అన్నారు. లోపలికి రాలేదు. కొబ్బరిబోండాలు తాగి కారెక్కారు. కోర్సు నిలబడింది. మేమిద్దరం ల్యాబ్‌లో కూర్చుని, ఒక్క మిషనైనా తట్టి చూడలేదేమిటని వాళ్ళని తిట్టుకున్నాం. ఒకే విషయం మీద ఇద్దరం ఒకే మాట మీదున్న సందర్భం బహుశా అదొక్కటే, అందుకని అది ఎక్కువసేపు సాగలేదు. చూసుంటే నా మిషన్లే చూసేవాళ్ళని నేననేసరికి మళ్ళీ మొదలైంది.

అలా నిలబెట్టుకున్న కోర్సు కొన్నేళ్ళు నడిచింది. తరవాత ఎవరూ తియ్యకుండానే పోయింది. పిల్లలంతా బస్సులెక్కి ఇంజనీరింగ్ కాలేజీలకి పోవడం మొదలుపెట్టారు, మా క్లాసులో బెంచీలు వెనకనుంచి ముందుకి ఖాళీ అవుతూ వచ్చాయి. ఆపా రిటైరై, అవనిగడ్డలో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. నేను గుడివాడలో ఇంకో కాలేజీకి వచ్చాను. ఇక్కడ నా తోటి లెక్చరర్లంతా చిన్నవాళ్ళు, మంచి పిల్లలు. నేనేమన్నా "కరెక్ట్ మేడం" అంటారు. ఒకసారి వాళ్ళని పరీక్షిద్దామని కావాలని ఒక తప్పు మాట అన్నాను. దానికీ కరెక్ట్ మేడం అన్నారు. ఇంటికొచ్చి తలుపు తీస్తే, వెళ్ళేటప్పుడు ఎలా వదిలానో అంతా అలాగే ఉంటుంది. చెప్పు ఎడంగా వదిలితే ఎడంగానే ఉంటుంది. మొదట్లో ఆపాకి ఫోన్ చేసి, ఊరికే ఏదో ఒకటి తేల్చుకునేదాన్ని. ఆవిడకి ఫోన్లో వాదించడం నచ్చదు, మనిషి మొహం కనబడకుండా ఏం వాదిస్తామంటుంది. తరవాత ఆవిడ హజ్‌కి వెళ్ళింది, నాకు ఉద్యోగం గొడవలు, ఫోన్లు పలచబడ్డాయి.

కార్డు మార్చిన ఆ వారం చివర్లో, ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ. దారిపొడుగునా ఊడ్పులయ్యాయి, చేలల్లో నీళ్ళు నిలబడి ఆకాశం కనబడుతోంది. ఆపాతో ఏమేం అనాలో బస్సులో కూర్చుని వరసగా పేర్చుకున్నాను. ఇప్పటి లినక్స్ మీ పక్షాన లేదు ఆపా, నా పక్షానే ఉంది, చెరిపెయ్యడమే మంచిదని ప్రపంచమంతా ఒప్పుకుంది అనాలి. ఆవిడ ఏమంటుందో కూడా అనుకున్నాను. గుడివాడలో కూర్చున్నదానికి ప్రపంచం సంగతేం తెలుసు, అంటుంది. దానికి నా జవాబు కూడా సిద్ధంగా ఉంది.

ఆపా వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది, తెల్ల దుపట్టా తల మీద, చేతిలో పూసల దండ. చిక్కింది. నన్ను చూసి మొహం విచ్చుకుంది, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మరదలు టీ తెచ్చిచ్చి, ఎన్నాళ్ళకండీ అని పలకరించి వెళ్ళింది. నేను ఊరుకోలేక, ఇంటి ముందు రోడ్డు ఎత్తు చేశారు, వానొస్తే నీళ్ళన్నీ మీ ఇంట్లోకే అన్నాను. "ఔను, నిజమే" అంది. బస్సు బందరు మీదుగా వచ్చుంటే దగ్గరయ్యేదేమో అన్నాను. అలా అయితే చుట్టూ తిరగాలని చిన్న పిల్లాడికి కూడా తెలుసు. "అలాగే రావలసింది" అంది. నాకు కంగారు పుట్టింది. కార్డు సంగతి మొదలుపెట్టాను. పిడుగు, షాపు, కొత్త కార్డు, దానంతటదే పడిన పేరు, అంతా చెప్పాను. ఆవిడకి అన్నీ గుర్తున్నాయి. పొట్టి మిషన్ తలుపు పక్కనుండేదని, నేనే మరిచిపోయానేమోనని, తనే చెప్పింది. చివరికి అన్నాను, "కాబట్టి ఆ రోజు నేనన్నదే కరెక్టు ఆపా. ఒప్పుకోండి."

"ఒప్పుకుంటున్నా అమ్మాయ్. నువ్వన్నదే కరెక్టు. ఊరికే వెతికాను నేను."

"అలా అనకండి. మీరు కలిపినవి గట్టిగా ఉన్నాయిగా."

"అన్నీ ఒకటేలే. ఏవి నావో ఏవి నీవో ఎవరికి తెలిసింది?"

ఒంట్లో బాగానే ఉందా అని అడిగాను. నవ్వింది. "బ్రహ్మాండంగా ఉంది. హజ్‌లో ఉన్నన్ని రోజులూ ఎవరితోనూ వాదన పెట్టుకోకూడదన్నారు. నా సంగతి నీకు తెలుసుగా, చాలా కష్టమయింది మొదట. తరవాత చూస్తే, అబ్బ, ఎంత హాయో. తిరిగొచ్చాక మళ్ళీ మొదలెట్టబుద్ధి కాలేదు." లోపల్నుంచి మరదలు, "మా ఇంట్లో అందరికీ హాయిగానే ఉందండీ" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని ఆపా మొహంలో వెతికాను. లేదు. నిజంగానే ప్రశాంతంగా ఉంది ఆ మనిషి. నేను అసూయపడవలసినంత ప్రశాంతంగా ఉంది. భోజనం చేసి వెళ్ళమంది, నా కోసం బీరకాయ కూర వేరుగా చేయించింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చల్లపల్లి దాటాక చినుకులు మొదలయ్యాయి. పక్కసీటావిడ కిటికీ వెయ్యమంటారా అని అడిగింది, మీ ఇష్టమండీ అన్నాను, ఆవిడ వేసేసింది. అద్దం మీద నీళ్ళు జారుతుంటే చేలు చెరిగిపోయి కనబడ్డాయి. పొద్దున్న పేర్చుకున్న జవాబులన్నీ నా దగ్గర అలాగే ఉన్నాయి, ఒక్కటీ ఖర్చు కాలేదు. నాకు ఎదురు చెప్పినవాళ్ళు ఒకప్పుడు కొందరైనా ఉండేవాళ్ళు. ఇంట్లో రోజూ నాతో తగువు పడే నాన్న పోయారు, కాఫీ కప్పు దించినాయన ఎక్కడున్నాడో తెలియదు, ఆపా ఒప్పేసుకుంది. కాలం మనతో ఎప్పుడూ వాదించదు. ఎదుటిపక్షం వాళ్ళని ఒక్కొక్కరినే నెమ్మదిగా లేపి తీసుకుపోయి, చివరికి అన్ని వాదనల్లోనూ మనల్నే గెలిపించి, గెలిచామని చెప్పుకోవడానికి ఎవరూ లేనిచోట దింపేసి వెళ్ళిపోతుంది.